సర్కారు వెబ్‌సైట్‌ పాతబడితే బాగుచేసేదెవరు? ఓపెన్‌ సోర్స్‌ సీఎంఎస్‌తో ప్రజలకేంటి లాభం?

పుట్టిన బిడ్డ పేరు నమోదు చేయించాలి. ఏయే పత్రాలు కావాలో చూద్దామని ఫోన్‌లో మున్సిపాలిటీ వెబ్‌సైట్‌ తెరుస్తారు. అక్కడ ఎప్పుడో బదిలీ అయిపోయిన కమిషనర్‌ ఫొటో కనిపిస్తుంది. ఇచ్చిన ల్యాండ్‌లైన్‌ నంబరు పనిచేయదు. 'దరఖాస్తు ఫారం' లింక్‌ నొక్కితే ఖాళీ పేజీ వస్తుంది.

ఆఫీసుకు వెళ్లి అడిగితే తరచూ వినిపించే జవాబు ఒకటుంది. 'సైట్‌ చేసిన కంపెనీ కాంట్రాక్టు అయిపోయిందండీ. మార్చడం మా చేతుల్లో లేదు.'

ప్రజల డబ్బుతో కట్టిన వెబ్‌సైట్‌లో ఒక ఫోన్‌ నంబరు మార్చడం ఆ ఆఫీసు చేతుల్లో ఎందుకు ఉండదు? ఇలా కాకుండా చూసే మార్గం ఉందా? ఉంది. దాని పేరు ఓపెన్‌ సోర్స్‌ సీఎంఎస్‌. అదేంటో, దానివల్ల మీకు ఒరిగేదేంటో, ఎక్కడ జాగ్రత్త పడాలో తెలుసుకుందాం.

సీఎంఎస్‌ అంటే ఏంటి?

కంటెంట్‌ మేనేజ్‌మెంట్‌ సిస్టం అన్న మాటకు పొట్టి పేరు సీఎంఎస్‌. వెబ్‌సైట్‌లోని సమాచారాన్ని రాయడానికి, మార్చడానికి, తీసేయడానికి వాడే సాఫ్ట్‌వేర్‌ ఇది.

ఇది రాకముందు వెబ్‌సైట్‌లోని ప్రతి పేజీ ఒక విడి ఫైలు. ఒక్క అక్షరం మార్చాలన్నా కోడ్‌ తెలిసిన మనిషి కావాలి. సీఎంఎస్‌లో సమాచారం డేటాబేస్‌లో ఒకచోట ఉంటుంది, డిజైన్‌ వేరుగా ఉంటుంది. ఉద్యోగి తన యూజర్‌ నేమ్‌, పాస్‌వర్డ్‌తో లోపలికి వెళ్లి, ఫేస్‌బుక్‌లో పోస్టు పెట్టినంత సులువుగా నోటీసు టైప్‌ చేసి 'పబ్లిష్‌' నొక్కితే చాలు.

ఎవరు ఏం చేయవచ్చో కూడా ఇందులో ముందే నిర్ణయించవచ్చు. ఉదాహరణకు జూనియర్‌ అసిస్టెంట్‌ నోటీసు రాస్తారు, పై అధికారి చూసి ఆమోదిస్తేనే అది జనానికి కనిపిస్తుంది. పేజీని ఎవరు, ఎప్పుడు మార్చారో, అంతకుముందు అక్కడ ఏం ఉండేదో కూడా సిస్టంలో నమోదై ఉంటుంది.

ఓపెన్‌ సోర్స్‌ అంటే 'ఫ్రీ' అనేనా?

చాలామంది అలాగే అనుకుంటారు. నిజానికి డబ్బు కట్టనక్కర్లేకపోవడం ఇందులో చిన్న విషయం. అసలు విషయం హక్కులు.

సాఫ్ట్‌వేర్‌ను నడిపించే మూల కోడ్‌ను అందరికీ అందుబాటులో ఉంచితే అది ఓపెన్‌ సోర్స్‌. ఎక్కువగా వాడుకలో ఉన్న వర్డ్‌ప్రెస్‌, డ్రూపల్‌, జూమ్లా మూడూ జీపీఎల్‌ అనే లైసెన్సు కింద వస్తాయి. ఆ లైసెన్సు ప్రకారం ఆ సాఫ్ట్‌వేర్‌ను ఎవరైనా వాడుకోవచ్చు, లోపల ఏముందో చూడవచ్చు, అవసరానికి తగ్గట్టు మార్చుకోవచ్చు, మార్చినదాన్ని ఇతరులకు ఇవ్వవచ్చు.

ఇల్లు కట్టిన మేస్త్రీ తాళం చెవి తన జేబులోనే పెట్టుకుని వెళ్లిపోతే ఎలా ఉంటుంది? కిటికీ రెక్క ఊడినా ఆయనే రావాలి, ఆయన అడిగినంతా ఇవ్వాలి. ఒకే కంపెనీ సొంత కోడ్‌తో కట్టి, ఆ కోడ్‌ అప్పగించని వెబ్‌సైట్‌ పరిస్థితి అదే. ఓపెన్‌ సోర్స్‌లో ఒక కంపెనీ వెళ్లిపోతే, ఆ సాఫ్ట్‌వేర్‌ తెలిసిన మరో కంపెనీని పెట్టుకోవచ్చు. హైదరాబాద్‌, విశాఖపట్నం, విజయవాడల్లో వర్డ్‌ప్రెస్‌, డ్రూపల్‌ పని తెలిసినవాళ్లు దొరకడం కష్టమేమీ కాదు.

నడిపేవాళ్లే చేతులెత్తేస్తే?

ఈ సాఫ్ట్‌వేర్ల పుట్టుకే దీనికి జవాబు చెబుతుంది.

2003కి ముందు బీ2 అనే చిన్న బ్లాగింగ్‌ సాఫ్ట్‌వేర్‌ ఉండేది. దాన్ని రాసిన వ్యక్తి కొత్త వెర్షన్లు ఇవ్వడం ఆపేశారు. మామూలు సాఫ్ట్‌వేర్‌ అయితే కథ అక్కడితో ముగిసేది. కానీ దాని కోడ్‌ జీపీఎల్‌ లైసెన్సు కింద ఉంది. మ్యాట్‌ ముల్లెన్‌వెగ్‌, మైక్‌ లిటిల్‌ ఆ కోడ్‌నే తీసుకుని 2003 మే 27న వర్డ్‌ప్రెస్‌ పేరుతో విడుదల చేశారు. ప్రపంచంలోని వెబ్‌సైట్లలో 40 శాతానికి పైగా ఇప్పుడు దానిమీదే నడుస్తున్నాయి.

జూమ్లా కథా ఇలాంటిదే. మాంబో అనే సీఎంఎస్‌ నిర్వహణపై విభేదాలు వచ్చినప్పుడు, దాన్ని రాస్తున్న డెవలపర్లు 2005లో అదే కోడ్‌తో బయటికొచ్చి జూమ్లాను మొదలుపెట్టారు. వాడుతున్నవాళ్లు కొత్త దారికి మారగలిగారు.

డ్రూపల్‌ను మొదలుపెట్టింది బెల్జియానికి చెందిన డ్రీస్‌ బైటార్ట్‌. ఆయన విద్యార్థిగా ఉన్నప్పుడు రాసుకున్న కోడ్‌ను 2001లో ఓపెన్‌ సోర్స్‌గా విడుదల చేశారు. ప్రభుత్వాలు, విశ్వవిద్యాలయాలు వాడే పెద్ద సైట్లలో ఇది ఎక్కువగా కనిపిస్తుంది.

ఏ ప్రభుత్వాలు వాడుతున్నాయి?

అమెరికా అధ్యక్ష భవనం వైట్‌హౌస్‌ వెబ్‌సైట్‌ 2009లో డ్రూపల్‌కు మారింది. 2017లో అక్కడి నుంచి వర్డ్‌ప్రెస్‌కు వెళ్లింది. అధ్యక్షులు, పార్టీలు మారినా ఓపెన్‌ సోర్స్‌ను మాత్రం వదల్లేదు.

ఆస్ట్రేలియా ప్రభుత్వం 2015లో గవ్‌సీఎంఎస్‌ అనే ఉమ్మడి వేదికను డ్రూపల్‌పై మొదలుపెట్టింది. ప్రతి శాఖా విడిగా సైట్‌ కట్టించుకోకుండా అక్కడే తమ సైట్‌ తెరుచుకోవచ్చు. బ్రిటన్‌లో స్థానిక కౌన్సిళ్లు, అంటే మన మున్సిపాలిటీల్లాంటివి, కలిసి 'లోకల్‌గవ్‌ డ్రూపల్‌' తయారు చేసుకున్నాయి. ఒక కౌన్సిల్‌ డబ్బు పెట్టి చేయించుకున్న సదుపాయాన్ని మరో కౌన్సిల్‌ ఖర్చు లేకుండా వాడుకుంటుంది.

ఈ చివరి మాట మనకు ముఖ్యం. చెత్త సేకరణ వేళలు చూపే పేజీ కోసం, వార్డుల వారీగా అధికారుల జాబితా కోసం ప్రతి మున్సిపాలిటీ మళ్లీ మళ్లీ టెండరు పిలవాల్సిన పనేంటి? ఒకరు చేయించింది పదిమందికి పనికొస్తే ఆదా అయ్యేది మనం కట్టే పన్నే.

మన దేశంలో విధానం ఏం చెబుతోంది?

కేంద్ర ప్రభుత్వం 2015లో ఓపెన్‌ సోర్స్‌ సాఫ్ట్‌వేర్‌ వినియోగ విధానాన్ని ప్రకటించింది. ప్రభుత్వ శాఖలు సాఫ్ట్‌వేర్‌ కోసం ప్రతిపాదనలు పిలిచేటప్పుడు ఓపెన్‌ సోర్స్‌ను తప్పక పరిశీలించాలి. దాన్ని కాదంటే కారణం చెప్పాలి. ప్రభుత్వ సమాచారాన్ని గణాంకాల రూపంలో అందరికీ అందించే డేటా డాట్‌ జీవోవీ డాట్‌ ఇన్‌ వేదికను డ్రూపల్‌ ఆధారంగానే నిర్మించారు. భారత్‌, అమెరికా కలిసి చేసిన ప్రాజెక్టు నుంచి వచ్చిన వేదిక అది.

ప్రభుత్వ వెబ్‌సైట్లు ఎలా ఉండాలో చెప్పే మార్గదర్శకాలు కూడా ఉన్నాయి. వాటిని జీఐజీడబ్ల్యూ అంటారు. 2009లో తొలిసారి వచ్చాయి, 2023లో మూడో వెర్షన్‌ విడుదలైంది. దివ్యాంగులు కూడా వాడగలిగేలా సైట్‌ ఉండటం, సమాచారాన్ని ఎప్పటికప్పుడు సరిచూడటం, భద్రత వంటివన్నీ ఇందులో ఉన్నాయి. ప్రతి సైట్‌కూ బాధ్యత వహించే ఒక వెబ్‌ ఇన్ఫర్మేషన్‌ మేనేజర్‌ ఉండాలని కూడా ఇవి చెబుతాయి.

జిల్లాల వెబ్‌సైట్ల కోసం నేషనల్‌ ఇన్ఫర్మాటిక్స్‌ సెంటర్‌, అంటే ఎన్‌ఐసీ, 'ఎస్‌3వాస్‌' అనే ఉమ్మడి వేదికను నడుపుతోంది. ముందే సిద్ధం చేసిన నమూనాలో జిల్లా యంత్రాంగం తన సమాచారం నింపుకుంటుంది. మీ జిల్లా సైట్‌ అడుగుభాగం చూడండి. కంటెంట్‌ జిల్లా యంత్రాంగానిదని, రూపొందించి నడిపేది ఎన్‌ఐసీ అని, చివరిసారి ఎప్పుడు మార్చారో తేదీతో సహా ఉంటుంది.

ఇలాంటి ఉమ్మడి నమూనా విలువ మన రెండు రాష్ట్రాలకు బాగా తెలియాలి. తెలంగాణలో 2016 అక్టోబర్‌లో 10 జిల్లాలు 31 అయ్యాయి, 2019లో 33కు చేరాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్‌లో 13 జిల్లాలు 26 అయ్యాయి. కొత్త జిల్లా వచ్చిన ప్రతిసారీ కలెక్టర్‌ కార్యాలయం నుంచి మండలాల జాబితా దాకా అన్నీ కొత్తగా పెట్టాలి. నమూనా చేతిలో ఉంటే పని సమాచారం నింపడం దగ్గరే మొదలవుతుంది. లేకపోతే టెండరు దగ్గర మొదలవుతుంది.

మీకు నేరుగా దక్కే లాభాలేంటి?

* సమాచారం తాజాగా ఉంటుంది. మార్చడానికి కోడర్‌ అక్కర్లేదు కాబట్టి, నీటి సరఫరా ఆగుతుందన్న నోటీసును ఆ విభాగం ఉద్యోగే వెంటనే పెట్టవచ్చు.

* తెలుగు సరిగ్గా కనిపిస్తుంది. ఈ సాఫ్ట్‌వేర్లు యూనికోడ్‌లో పనిచేస్తాయి. అంటే ప్రత్యేక ఫాంటు దించుకోకుండానే మీ ఫోన్‌లో తెలుగు చదవవచ్చు, గూగుల్‌లో తెలుగులో వెతికితే ఆ పేజీ దొరుకుతుంది. డ్రూపల్‌లో ఒకే పేజీని పలు భాషల్లో ఉంచే ఏర్పాటు సాఫ్ట్‌వేర్‌తోనే వస్తుంది. వర్డ్‌ప్రెస్‌లో దానికి విడిగా ప్లగిన్‌ పెట్టుకోవాలి. వర్డ్‌ప్రెస్‌ తెర మీది మాటలను తెలుగులోకి మార్చేది చాలావరకు వలంటీర్లే.

* చూపులేనివారికీ పనికొస్తుంది. అక్షరాలు అక్షరాలుగా ఉంటే ఫోన్‌లోని టాక్‌బ్యాక్‌, వాయిస్‌ఓవర్‌ వాటిని చదివి వినిపిస్తాయి. నోటీసును ఫొటో తీసి పెడితే వాటికి అందదు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం డిజిటల్‌ సమాచారం వాళ్లకూ అందాలని చెబుతోంది.

* చిన్న ఫోన్‌లోనూ తెరుచుకుంటుంది. తెర సైజును బట్టి పేజీ సర్దుకునే డిజైన్లు ఈ సీఎంఎస్‌లకు సిద్ధంగా దొరుకుతాయి.

* మన సమాచారం మన దగ్గరే ఉంటుంది. ఏళ్ల తరబడి పెట్టిన నోటీసులు, తీర్మానాలు, టెండర్ల వివరాలను బయటికి తీసి మరో సైట్‌లోకి మార్చుకోవచ్చు. కంపెనీ మారినంత మాత్రాన పాత రికార్డు మాయం కానక్కర్లేదు.

కోడ్‌ అందరికీ కనిపిస్తే హ్యాకర్లకు సులువు కాదా?

ఈ ప్రశ్న న్యాయమైనదే. కోడ్‌ కనిపించడం వల్ల లోపాలను వెతికే కళ్లూ పెరుగుతాయి. లోపం దొరికితే సరిచేసిన కోడ్‌ను, అంటే ప్యాచ్‌ను, విడుదల చేస్తారు. చిక్కంతా ఆ తర్వాతే. ప్యాచ్‌ బయటికి రాగానే లోపం ఎక్కడుందో దొంగలకూ తెలిసిపోతుంది. వెంటనే వేసుకోనివాళ్లు దొరికిపోతారు.

2014 అక్టోబర్‌లో డ్రూపల్‌ 7లో అలాంటి పెద్ద లోపం బయటపడింది. ప్రకటన వెలువడిన 7 గంటల్లోపు ప్యాచ్‌ వేసుకోని సైట్లన్నీ హ్యాక్‌ అయినట్టే భావించాలని డ్రూపల్‌ భద్రతా బృందమే హెచ్చరించింది. ఏడు రోజులు కాదు, ఏడు గంటలు. సెలవు రోజున అలాంటి ప్రకటన వస్తే ప్యాచ్‌ వేసే మనిషి ఎవరన్నది ప్రతి ఆఫీసూ ముందే తేల్చుకోవాలి.

వర్డ్‌ప్రెస్‌ 2013 నుంచి చిన్న భద్రతా అప్‌డేట్లను తనంతట తానే వేసుకుంటోంది. కానీ వర్డ్‌ప్రెస్‌ సైట్లలో ఎక్కువ ముప్పు అసలు సాఫ్ట్‌వేర్‌ నుంచి కాకుండా, అదనంగా తగిలించే ప్లగిన్ల నుంచి వస్తుంది. అవసరం లేనివి తీసేయాలి. డబ్బు పెట్టి కొనాల్సిన డిజైన్ల దొంగ కాపీలను అసలే పెట్టకూడదు. వాటిలో హానికర కోడ్‌ దాచి ఉంచడం మామూలే.

వెర్షన్లకూ ఆయుష్షు ఉంటుంది. 2011లో వచ్చిన డ్రూపల్‌ 7కు అధికారిక మద్దతు 2025 జనవరి 5తో ముగిసింది. ఇంకా దానిమీదే నడుస్తున్న సైట్‌ ఏదైనా ఉంటే అది తాళం లేని తలుపే.

ప్రభుత్వ సైట్లకు మరో రక్షణ కూడా ఉంది. సెర్ట్‌ఇన్‌ గుర్తించిన ఆడిటర్‌తో భద్రతా తనిఖీ చేయించాకే వాటిని జనం ముందుకు తేవాలి. ఒకసారి చేయించి ఊరుకుంటే చాలదు, పెద్ద మార్పు జరిగిన ప్రతిసారీ చేయించాలి.

ఖర్చే ఉండదా?

దానంగా వచ్చిన ఆవుకైనా మేత వేయాల్సిందే. లైసెన్సు రుసుము ఉండదు కానీ సర్వర్‌, డిజైన్‌, భద్రతా తనిఖీ, సిబ్బందికి శిక్షణ, ఏటా నిర్వహణ, వీటన్నిటికీ డబ్బు కావాలి. 'ఉచితమే కదా' అని నిర్వహణకు నిధులు కేటాయించకపోతే, ఆ సైట్‌ సొంత కోడ్‌తో కట్టిన సైట్‌ కన్నా ముందే పాడవుతుంది. తేడా ఏంటంటే, ఇక్కడ ఖర్చు పనికి పోతుంది, అనుమతికి పోదు.

సీఎంఎస్‌ చేయలేని పనులూ ఉన్నాయి. ఆస్తిపన్ను కట్టించుకోవడం, ధ్రువపత్రం జారీ చేయడం లాంటివి వేరే సాఫ్ట్‌వేర్ల పని. సీఎంఎస్‌ మీకు దారి చూపించే బోర్డు లాంటిది. ఆ బోర్డు మీద రాయాల్సింది మనిషే. రాసే బాధ్యత ఎవరికీ అప్పగించకపోతే ఎంత మంచి సాఫ్ట్‌వేర్‌ ఉన్నా పేజీ ఖాళీగానే ఉంటుంది.

మీ ఊరి వెబ్‌సైట్‌ను ఫోన్‌లోనే పరీక్షించండి

1. చిరునామా చివర డాట్‌ జీవోవీ డాట్‌ ఇన్‌ లేదా డాట్‌ ఎన్‌ఐసీ డాట్‌ ఇన్‌ ఉందా చూడండి. లేకపోతే వివరాలు, డబ్బు ఇచ్చే ముందు ఆగి ఆఫీసులో కనుక్కోండి.

2. పేజీ అడుగున చివరిసారి మార్చిన తేదీ చూడండి. అధికారుల పేర్లు, ఫోన్‌ నంబర్లు ఇప్పటివేనా?

3. ఏదైనా తెలుగు వాక్యం మీద వేలు నొక్కి పట్టుకోండి. అక్షరాలు ఎంపిక కాకపోతే అది ఫొటో అయి ఉండవచ్చు. ఎంపికైతే కాపీ చేసి వాట్సాప్‌లో అతికించండి. అర్థంలేని గుర్తులు వస్తే అది యూనికోడ్‌ కాదు, పాత ఫాంటు.

4. ఫారాలు, ప్రభుత్వ ఉత్తర్వుల లింకులు రెండు మూడు నొక్కి చూడండి. తెరుచుకుంటున్నాయా?

లోపం కనిపిస్తే పేజీ పేరు, తేదీ, స్క్రీన్‌షాట్‌తో వెబ్‌ ఇన్ఫర్మేషన్‌ మేనేజర్‌కు మెయిల్‌ పెట్టండి. 'మీ సైట్‌ బాగోలేదు' అని రాస్తే ఎవరూ కదలరు. 'ఫలానా పేజీలో ఫలానా నంబరు పనిచేయడం లేదు' అని రాస్తే దాన్ని సరిచేయడం సులువు.

స్పందన లేకపోతే ఆర్టీఐలో ఏం అడగవచ్చు?

2005 నాటి సమాచార హక్కు చట్టం సెక్షన్‌ 4 ప్రకారం, ఎవరూ అడగకుండానే కొంత సమాచారాన్ని ప్రభుత్వ కార్యాలయాలు బయటపెట్టాలి. ఇంటర్నెట్‌ ద్వారా కూడా అందించాలని, స్థానిక భాషను దృష్టిలో పెట్టుకోవాలని ఆ సెక్షన్‌లోనే ఉంది. కాబట్టి పాతబడిన వెబ్‌సైట్‌ గురించి అడగడం చిన్న విషయమేమీ కాదు. దరఖాస్తుకు మామూలుగా 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఈ ప్రశ్నలు పనికొస్తాయి:

* వెబ్‌సైట్‌ డొమైన్‌ ఎవరి పేరు మీద ఉంది?
* నిర్మాణం, నిర్వహణ ఒప్పందం ప్రతి ఇవ్వండి. ఒప్పందం ఏ తేదీతో ముగుస్తుంది?
* ఒప్పందం ముగిశాక కోడ్‌, డేటాబేస్‌ కార్యాలయానికి అప్పగించాలన్న షరతు ఉందా? అప్పగించారా?
* టెండరు సమయంలో ఓపెన్‌ సోర్స్‌ను పరిశీలించారా? కాదంటే కారణం ఏంటి?
* గత మూడేళ్లలో వెబ్‌సైట్‌పై ఏటా ఎంత ఖర్చు చేశారు?
* చివరి భద్రతా తనిఖీ ఏ తేదీన జరిగింది?

పాస్‌వర్డ్‌లు, సర్వర్‌ వివరాలు, తనిఖీలో బయటపడిన లోపాలు అడగకండి. భద్రత కారణంగా అవి ఇవ్వకపోవడంలో తప్పు లేదు.

అపార్ట్‌మెంట్‌, స్కూలు, సంఘాలకూ ఇదే వర్తిస్తుంది

మీ కాలనీ సంఘానికో, పిల్లల స్కూలుకో, స్వచ్ఛంద సంస్థకో సైట్‌ కట్టిస్తున్నారా? డెవలపర్‌ ఎంత తెలిసినవారైనా నాలుగు విషయాలు కాగితం మీద పెట్టుకోండి. డొమైన్‌ సంఘం పేరు మీద, సంఘం మెయిల్‌తో కొనాలి. అడ్మిన్‌ ఖాతాలు కనీసం ఇద్దరు సభ్యుల దగ్గర ఉండాలి. సైట్‌ మొత్తం బ్యాకప్‌ క్రమం తప్పకుండా మీ చేతికి రావాలి. అప్‌డేట్లు ఎవరు వేస్తారో, ఏడాదికి ఎంత తీసుకుంటారో ముందే రాసుకోవాలి.

ప్రభుత్వ కార్యాలయమైనా, కాలనీ సంఘమైనా ఈ షరతులు రాయించుకునే అదను ఒప్పందంపై సంతకం పెట్టకముందే. సంతకం అయ్యాక అడిగితే అది బేరం అవుతుంది, ముందే అడిగితే హక్కు అవుతుంది. మీ మున్సిపాలిటీ వెబ్‌సైట్‌ కోసం ఈసారి టెండరు పిలిచినప్పుడు, ధర ఎంత అన్నదానితో పాటు కోడ్‌, డేటా, డొమైన్‌ ఎవరి చేతిలో ఉంటాయో కూడా మీ వార్డు కార్పొరేటర్‌నో, కౌన్సిలర్‌నో అడగండి.